సోర్స్ నుంచి కంపైల్ చేసిన లైనక్స్ అప్లికేషన్ క్రాష్ అవుతోందా? కారణం పట్టుకునే పద్ధతి ఇదీ

“కంపైల్ మంచిగానే అయింది, ఎర్రర్ ఒక్కటీ లేదు, తెరవగానే మాయమైపోతోంది.” అమీర్‌పేట హాస్టళ్లలో ఉండి కోర్సులు చేసే పిల్లలు, మాదాపూర్‌లో ఉద్యోగం చేస్తూ ఇంటి లాప్‌టాప్‌లో లైనక్స్ పెట్టుకున్నవాళ్లు, చిక్కడపల్లి వైపు డీటీపీ పని చేసుకునే మిత్రులు నన్ను పదేపదే అడిగేది ఇదే. ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెబుతూ వచ్చిన సంగతులన్నీ ఇక్కడ వరుసగా పెడుతున్నాను. వరుస ముఖ్యం. ఒక మెట్టు దాటేస్తే ఆ సమయం పై మెట్టు దగ్గర రెట్టింపు పోతుంది.

కమాండ్లను ఫోన్లో చెప్పినట్టు పలికే తీరులోనే రాశాను. టెర్మినల్‌లో వాటిని ఇంగ్లీష్ అక్షరాల్లో కొట్టాలి. ‘పెద్ద’ అని చెప్పినచోట తప్ప అన్నీ చిన్న అక్షరాలే. ‘మైనస్’ అంటే చిన్న గీత. దాని పక్కనే, ఖాళీ వదలకుండా అక్షరం వస్తుంది. ‘వేరియబుల్’ అని చెప్పిన పేర్లు మాత్రం మొత్తం పెద్ద అక్షరాలు, పదాల మధ్య అండర్‌స్కోర్.

1. మళ్లీ కంపైల్ చేయకండి, ముందు ఆధారాలు దాచుకోండి

క్రాష్ కాగానే చాలామంది మేక్ క్లీన్ కొట్టి మళ్లీ మొదలుపెడతారు. దాంతో క్రాష్ పోతే ఎందుకు పోయిందో తెలియదు. పోకపోతే గంట వృథా. ఈ కింది నాలుగూ ఒక టెక్స్ట్ ఫైల్‌లో రాసుకున్నాకే ముందుకు కదలండి.

☐ ఏ వెర్షన్ కంపైల్ చేశారు? గిట్ నుంచి తెచ్చుకుంటే ‘గిట్ డిస్క్రైబ్ మైనస్ మైనస్ ఆల్వేస్’ కొట్టి వచ్చినది కాపీ చేసుకోండి.
☐ ఏ డిస్ట్రో (ఉబుంటు, డెబియన్ లాంటిది), ఏ వెర్షన్? సెషన్, అంటే తెర మీద విండోలు చూపించే పద్ధతి, వేల్యాండా, ఎక్స్11 ఆ?
☐ సరిగ్గా ఏం చేస్తే పడిపోతోంది? అదే పని మూడుసార్లు చేస్తే మూడుసార్లూ పడిపోతోందా?
☐ ఇంతకుముందు బాగా పనిచేసిందా? మధ్యలో ఏం మారింది: సిస్టమ్ అప్‌డేటా, గ్రాఫిక్స్ డ్రైవరా, కొత్త ప్లగినా?

ఇంకొక్కటి. నడుస్తున్నది మీరు కంపైల్ చేసినదేనా? ‘టైప్ మైనస్ ఎ’ అని కొట్టి పక్కన అప్లికేషన్ పేరు ఇవ్వండి. డిస్ట్రో ప్యాకేజీగా వచ్చిన పాత కాపీ కూడా మెషీన్‌లో ఉంటే రెండు పాత్‌లు కనిపిస్తాయి, పైన ఉన్నదే నడుస్తుంది. సోర్స్‌లో మార్పులు చేస్తూ, పాత ప్యాకేజీని నడుపుతూ ఒక సాయంత్రమంతా కూర్చున్నవాళ్లను నేను చూశాను.

2. టెర్మినల్ నుంచి నడిపి, ఎగ్జిట్ కోడ్ చూడండి

మెనూలో ఐకాన్ నొక్కితే లోపల ఏమన్నదో కనిపించదు. టెర్మినల్ తెరిచి అక్కడి నుంచి నడపండి. పడిపోయిన వెంటనే, మధ్యలో ఇంకే కమాండూ కొట్టకుండా, ‘ఎకో’ పక్కన డాలర్ గుర్తు, ప్రశ్న గుర్తు కలిపి కొట్టండి. ఒక సంఖ్య వస్తుంది. సిగ్నల్ తగిలి చచ్చిపోయిన ప్రోగ్రామ్‌కు ఆ సంఖ్య 128కి సిగ్నల్ నంబర్ కలిపినంత ఉంటుంది.

- 139: సెగ్మెంటేషన్ ఫాల్ట్. తనది కాని మెమరీని ముట్టుకుంది.
- 134: అబార్ట్. ప్రోగ్రామే ‘ఇక నడవలేను’ అని ఆగింది. కారణం దాదాపుగా పై వరుసల్లోనే రాసి ఉంటుంది.
- 133: ట్రాప్. జీటీకే (విండోలు, బటన్లు గీసే లైబ్రరీ) వాడే అప్లికేషన్లలో స్కీమా (సెట్టింగ్స్ వివరాల పట్టిక) దొరకనప్పుడు ఎక్కువగా ఇదే వస్తుంది. 7వ మెట్టు చూడండి.
- 132: ఈ ప్రాసెసర్‌కు తెలియని ఇన్‌స్ట్రక్షన్. ‘మార్చ్ నేటివ్’ ఆప్షన్‌తో కొత్త మెషీన్‌లో కంపైల్ చేసి పాత లాప్‌టాప్‌కు కాపీ చేసుకున్నారా?
- 137: బయటి నుంచి ఎవరో చంపారు. ర్యామ్ నిండి కెర్నలే చంపిందేమో ‘జర్నల్‌సీటీఎల్ మైనస్ కె’లో ‘అవుట్ ఆఫ్ మెమరీ’ అనే వరుస కోసం వెతకండి.
- 127: ఇది క్రాష్ కాదు. ప్రోగ్రామ్ గానీ, దానికి కావలసిన లైబ్రరీ గానీ దొరకలేదు. నేరుగా 6వ మెట్టుకు వెళ్లండి.

ఇక్కడ తరచూ జరిగే తప్పు: అవుట్‌పుట్‌ను పైప్ గుండా ‘టీ’కి పంపి, ఆ తర్వాత ఎగ్జిట్ కోడ్ అడగడం. అప్పుడు వచ్చేది టీ కమాండ్ కోడ్, అంటే సున్నా. పైప్ వాడకుండా ఫైల్‌లోకి మళ్లించండి, నిజమైన కోడ్ దక్కుతుంది.

3. డీబగ్ వివరాలతో విడిగా ఒక బిల్డ్ చేసుకోండి

ఆధారాలు చేతికి వచ్చాయి కాబట్టి ఇప్పుడు కంపైల్ చేయొచ్చు. పాత బిల్డ్ ఫోల్డర్‌ను ముట్టుకోవద్దు. పక్కనే కొత్త ఫోల్డర్ తెరవండి.

- సీమేక్ అయితే ‘సీమేక్ బిల్డ్ టైప్’ వేరియబుల్‌కు ‘డీబగ్’ ఇవ్వండి. డీ మాత్రం పెద్దది. డీబగ్ బిల్డ్‌లో క్రాష్ కనిపించకుండా పోతే ‘రెల్‌విత్‌డెబ్‌ఇన్ఫో’ ఇవ్వండి. అందులో ఆప్టిమైజేషన్ ఉంటుంది, డీబగ్ వివరాలూ ఉంటాయి.
- మెసాన్ అయితే ‘మైనస్ మైనస్ బిల్డ్‌టైప్’కు ‘డీబగ్’.
- పాత పద్ధతి కాన్ఫిగర్ స్క్రిప్ట్ అయితే సీఫ్లాగ్స్, సీఎక్స్ఎక్స్ఫ్లాగ్స్ వేరియబుల్స్ రెండింటికీ ‘మైనస్ జి’, ‘మైనస్ పెద్ద ఓ సున్నా’ ఇవ్వండి. ఒక్కదానికే ఇచ్చి సీప్లస్‌ప్లస్ భాగాన్ని మరిచిపోయేవాళ్లు చాలామంది.

ఇన్‌స్టాల్ చేసే చోటు /యూజర్/లోకల్ వద్దు (పాత్‌లలో ఈ ‘యూజర్’ అంటే యు, ఎస్, ఆర్ మూడక్షరాలే). మీ హోమ్‌లోనే ఒక ఫోల్డర్‌ను ప్రిఫిక్స్‌గా ఇవ్వండి. పని అయ్యాక ఆ ఫోల్డర్ తీసేస్తే చాలు, సిస్టమ్‌లో జాడ మిగలదు. ‘ఇన్‌స్టాల్ మైనస్ స్ట్రిప్’ టార్గెట్ అసలే వాడకండి, డీబగ్ వివరాలన్నీ గీకేస్తుంది.

అయ్యాక ‘ఫైల్’ కమాండ్‌కు మీ ప్రోగ్రామ్ పాత్ ఇచ్చి చూడండి. చివర్లో ‘నాట్ స్ట్రిప్డ్’, ‘విత్ డీబగ్ ఇన్ఫో’ అని ఉంటే సరే.

8 జీబీ ర్యామ్ లాప్‌టాప్‌లో ‘మైనస్ జె 8’ ఇచ్చి పెద్ద సీప్లస్‌ప్లస్ ప్రాజెక్టు కంపైల్ చేయడం చాలా తరచుగా దెబ్బతింటుంది. ‘కిల్డ్’ అనే మాట వచ్చి సీసీ1ప్లస్ (సీప్లస్‌ప్లస్ కంపైలర్) ఆగిపోయిందంటే కోడ్ తప్పు కాదు, ర్యామ్ చాలలేదు. ‘మైనస్ జె 2’కు దిగండి.

4. కోర్ ఫైల్ ఎక్కడికి పోతోందో చూడండి

క్రాష్ అయిన క్షణంలో ప్రోగ్రామ్ మెమరీ ఎలా ఉందో తీసిన ఫొటో లాంటిది కోర్ ఫైల్. /ప్రాక్/సిస్/కెర్నల్/కోర్ అండర్‌స్కోర్ ప్యాటర్న్ అనే ఫైల్‌ను ‘క్యాట్’తో చూస్తే అది ఎవరి చేతికి వెళ్తోందో తెలుస్తుంది.

‘సిస్టమ్‌డి కోర్‌డంప్’ అని ఉంటే పని సులువు. ‘కోర్‌డంప్‌సీటీఎల్ లిస్ట్’ కొడితే జాబితా వస్తుంది, ‘కోర్‌డంప్‌సీటీఎల్ జీడీబీ’ కొడితే చివరి క్రాష్ నేరుగా డీబగ్గర్‌లో తెరుచుకుంటుంది.

ఉబుంటులో ‘అపోర్ట్’ అని కనిపించొచ్చు. చాలామంది ఇక్కడే చిక్కుకుంటారు. ప్యాకేజీగా రాని ప్రోగ్రామ్ క్రాష్ అయితే అపోర్ట్ మామూలుగా రిపోర్ట్ తయారు చేయదు. మీరు చేతితో కంపైల్ చేసినది ఏ ప్యాకేజీకీ చెందదు కాబట్టి /వార్/క్రాష్ ఫోల్డర్ ఖాళీగానే ఉంటుంది. దాన్ని చూసి క్రాష్ రికార్డే కాలేదనుకోకండి. సిస్టమ్‌డి కోర్‌డంప్ ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేసుకోండి, ఆ పనిని అది తీసుకుంటుంది.

అక్కడ పైప్ గుర్తు లేకుండా ఉత్త ఫైల్ పేరే ఉంటే, అదే టెర్మినల్‌లో ‘యూలిమిట్ మైనస్ సి అన్‌లిమిటెడ్’ కొట్టి ఆ తర్వాత ప్రోగ్రామ్ నడపండి. లేకపోతే కోర్ పరిమితి సున్నా ఉండి ఫైల్ రాయదు.

5. జీడీబీలో బ్యాక్‌ట్రేస్ తీసి, చదవండి

జీడీబీ ఒక డీబగ్గర్. బ్యాక్‌ట్రేస్ అంటే క్రాష్ అయ్యేసరికి ఏ ఫంక్షన్‌ను ఏది పిలిచిందో చూపే జాబితా. జీడీబీ అంటే భయపడేవాళ్లకు ఒక మాట. క్రాష్ కారణం వెతకడానికి నాలుగైదు కమాండ్లు చాలు.

1. ‘జీడీబీ మైనస్ మైనస్ ఆర్గ్స్’ తర్వాత ప్రోగ్రామ్ పాత్, అది తెరవాల్సిన ఫైల్ పేరు.
2. ‘సెట్ లాగింగ్ ఎనేబుల్డ్ ఆన్’. ఇకపై వచ్చేదంతా జీడీబీ.టీఎక్స్‌టీలో పడుతుంది. పాత జీడీబీ ఒప్పుకోకపోతే ‘ఎనేబుల్డ్’ మాట తీసేయండి.
3. ‘రన్’. ప్రోగ్రామ్ తెరుచుకున్నాక క్రాష్ తెప్పించే పని చేయండి.
4. ఆగాక ‘థ్రెడ్ అప్లై ఆల్ బీటీ ఫుల్’.
5. అనుమానం ఉన్న వరుస నంబర్‌తో ‘ఫ్రేమ్ 3’, ఆ తర్వాత ‘ఇన్ఫో లోకల్స్’.

‘ఫైల్ ఫార్మాట్ నాట్ రికగ్నైజ్డ్’ అంటే బిల్డ్ ఫోల్డర్‌లో ఉన్నది అసలు ప్రోగ్రామ్ కాదు, లిబ్‌టూల్ తయారు చేసిన షెల్ స్క్రిప్ట్. ముందు ‘లిబ్‌టూల్ మైనస్ మైనస్ మోడ్’కు ‘ఎగ్జిక్యూట్’ ఇచ్చి, దాని పక్కన జీడీబీ కమాండ్ రాయండి.

ఇక చదవడం. సున్నా నంబర్ వరుస క్రాష్ అయిన చోటు. కిందికి వెళ్లే కొద్దీ దాన్ని ఎవరు పిలిచారో, వాళ్లను ఎవరు పిలిచారో కనిపిస్తుంది. అబార్ట్ అయితే పై నాలుగైదు వరుసలు సీ లైబ్రరీవే ఉంటాయి. అవి చూసి లైబ్రరీని అనుమానించకండి. కిందికి దిగుతూ మీ అప్లికేషన్ పేరున్న మొదటి ఫైల్, లైన్ నంబర్ దగ్గర ఆగండి. సాధారణంగా కథ అక్కడే మొదలవుతుంది.

తరచుగా కనిపించే గుర్తులు:

- ‘దిస్’ విలువ సున్నా. ఆ ఆబ్జెక్ట్ తయారే కాలేదు, లేదా దొరకలేదు. అంతకుముందు ఏదో ఫైల్ లోడ్ కాలేదన్న హెచ్చరిక ఉందేమో పైన చూడండి.
- ఒకే ఫంక్షన్ వేలసార్లు వరుసగా. తనను తానే పిలుచుకుంటూ స్టాక్ నింపేసింది.
- వరుసలన్నీ రెండేసి ప్రశ్న గుర్తులు. డీబగ్ వివరాలు లేవు, 3వ మెట్టు సరిగ్గా పడలేదు. సిస్టమ్ లైబ్రరీల వరకే ఇలా ఉంటే, డీబగ్ఇన్ఫోడి వాడమంటారా అని జీడీబీ అడిగినప్పుడు ‘వై’ కొట్టండి, వివరాలు నెట్ నుంచి దించుకుంటుంది.
- ‘ఆప్టిమైజ్డ్ అవుట్’. ఆ విలువ కంపైలర్ తీసేసింది. పెద్ద ఓ సున్నాతో బిల్డ్ చేస్తే కనిపిస్తుంది.
- ‘డబుల్ ఫ్రీ ఆర్ కరప్షన్’, ‘ఫ్రీ: ఇన్‌వాలిడ్ పాయింటర్’. పడిపోయిన చోటు ఇదే, కానీ తప్పు ఇంకెక్కడో, ఇంతకుముందే జరిగింది. బ్యాక్‌ట్రేస్ ఎంత చూసినా తేలదు, 8వ మెట్టుకు వెళ్లండి.

6. లైబ్రరీల గొడవ

నా దగ్గరికి వచ్చిన కేసుల్లో కోడ్‌లో నిజమైన బగ్ కన్నా ఇదే ఎక్కువ. అందుకే దీన్ని కొంచెం వివరంగా చెప్తాను.

చిక్కడపల్లిలో పెళ్లికార్డుల పని చేసే ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. “అన్నా, ఇంగ్లీష్ ఫైలు మంచిగనే తెరుస్తుంది. తెలుగు ఫైలు తెరవంగనే బందైతుంది.” అప్పటికే నాలుగుసార్లు మళ్లీ కంపైల్ చేశాడు. మర్నాటికి కార్డులు ఇవ్వాలి, బాగా టెన్షన్‌లో ఉన్నాడు.

ముందు ఫైల్ కాపీ తీసి సగం పేజీలు తీసేయమన్నాను. క్రాష్ అయింది. మిగిలిన దాంట్లో మళ్లీ సగం. అలా తగ్గిస్తూ పోతే చివరికి ఒక్క వరుస మిగిలింది: ‘శ్రీ లక్ష్మీనరసింహస్వామి ప్రసన్న’. ఆ ఒక్క వరుస కొత్త ఫైల్‌లో పెట్టినా పడిపోతోంది. బ్యాక్‌ట్రేస్‌లో పై ఐదు వరుసలూ హార్ఫ్‌బజ్‌వి. ఒత్తులను, గుణింతాలను ఫాంట్ ప్రకారం పేర్చే లైబ్రరీ అది.

జీడీబీలో ‘ఇన్ఫో షేర్డ్‌లైబ్రరీ’ కొట్టి స్క్రీన్ ఫొటో పంపమన్నాను. జాబితాలో మిగతావన్నీ /యూజర్/లిబ్ కింద ఉన్నాయి. హార్ఫ్‌బజ్ ఒక్కటే /యూజర్/లోకల్/లిబ్‌లో ఉంది. ఎనిమిది నెలల కింద ఏదో ఫాంట్ ప్రయోగం కోసం తనే కంపైల్ చేసి పెట్టాడు, మరిచిపోయాడు. ఆ తర్వాత సిస్టమ్ అప్‌డేట్ అయింది కానీ ఆ పాత కాపీ అక్కడే ఉండిపోయింది. డెబియన్, ఉబుంటులలో /యూజర్/లోకల్/లిబ్‌ను ముందు వెతుకుతారు కాబట్టి ప్రతిసారీ పాతదే లోడ్ అవుతోంది. దాన్ని పక్క ఫోల్డర్‌లోకి జరిపి ‘సుడో ఎల్డీకాన్ఫిగ్’ కొట్టాక ఫైల్ తెరుచుకుంది. అప్లికేషన్ సోర్స్‌లో ఒక్క అక్షరం మార్చలేదు.

మీరు చూడాల్సినవి:

☐ ‘ఎల్‌డీడీ’ కమాండ్‌కు ప్రోగ్రామ్ పాత్ ఇవ్వండి. ‘నాట్ ఫౌండ్’ ఉందా? /యూజర్/లోకల్ పాత్‌లు ఏమైనా ఉన్నాయా?
☐ నడుస్తుండగా లోడ్ అయ్యే ప్లగిన్లు ఎల్‌డీడీకి కనిపించవు. అందుకే జీడీబీ లోపలి ‘ఇన్ఫో షేర్డ్‌లైబ్రరీ’నే నేను ఎక్కువ నమ్ముతాను.
☐ జాబితాలో క్యూట్5, క్యూట్6 రెండూ ఉన్నాయా? (క్యూట్ కూడా జీటీకే లాంటిదే, కొట్టేటప్పుడు క్యూ, టీ రెండే అక్షరాలు.) జీటీకే2, జీటీకే3 రెండూ ఉన్నాయా? ఒకే ప్రాసెస్‌లో రెండూ కలిస్తే సాధారణంగా గొడవే.
☐ ‘ఎల్‌డీ లైబ్రరీ పాత్’ వేరియబుల్‌లో ఎప్పుడో పెట్టిన పాత ఫోల్డర్ ఉందా? బాష్ఆర్‌సీ ఫైల్‌లో వెతకండి.
☐ అప్లికేషన్ పాత వెర్షన్‌కు కంపైల్ చేసిన ప్లగిన్లు ప్రిఫిక్స్ ఫోల్డర్‌లో మిగిలిపోయాయా? కొత్త వెర్షన్ వాటిని లోడ్ చేయబోయి పడిపోతుంది.

తీసేసేటప్పుడు డిలీట్ చేయకండి, జరపండి. ఇంకేదైనా ప్రోగ్రామ్ దాని మీదే ఆధారపడి ఉంటే వెంటనే తిరిగి పెట్టుకోవచ్చు.

డిస్ట్రోను కొత్త వెర్షన్‌కు అప్‌గ్రేడ్ చేశాక క్రాష్ మొదలైతే బిల్డ్ ఫోల్డర్ మొత్తం తీసేసి కాన్ఫిగర్ దగ్గర నుంచి మొదలుపెట్టండి. మేక్ క్లీన్ చాలదు. సీమేక్ పాత లైబ్రరీల పాత్‌లను క్యాష్ ఫైల్‌లో దాచుకుంటుంది, క్లీన్ దాన్ని ముట్టుకోదు.

7. సెట్టింగ్స్, స్కీమాలు, డిస్‌ప్లే

ఇవి త్వరగా తేలిపోయే పరీక్షలు. ఒక్కొక్కటిగా చేయండి, రెండు ఒకేసారి మార్చకండి.

- సెట్టింగ్స్: హోమ్‌లోని .కాన్ఫిగ్, .క్యాష్, .లోకల్/షేర్ ఫోల్డర్లలో ఆ అప్లికేషన్ పేరున్న వాటికి వేరే పేరు పెట్టి నడపండి. పనిచేస్తే పాత సెట్టింగ్ ఫైలే కారణం. దాన్ని పారేయకండి, రిపోర్ట్‌కు పనికొస్తుంది.
- స్కీమా: ‘సెట్టింగ్స్ స్కీమా ఈజ్ నాట్ ఇన్‌స్టాల్డ్’ అని చెప్పి పడిపోతే, ప్రిఫిక్స్ కింద షేర్/గ్లిబ్ మైనస్ 2.0/స్కీమాస్ ఫోల్డర్‌కు వెళ్లి ‘గ్లిబ్ కంపైల్ స్కీమాస్’ నడపండి. ఆ పదాల మధ్య చిన్న గీతలు, చివర ఒక చుక్క. తర్వాత ‘ఎక్స్‌డీజీ డేటా డిర్స్’ వేరియబుల్‌లో ఆ షేర్ ఫోల్డర్‌ను ముందు చేర్చండి. ఉన్న పాత్‌లు తీసేయకుండా చేర్చాలి.
- క్యూట్ ప్లగిన్: ‘ప్లాట్‌ఫామ్ ప్లగిన్’ లోడ్ కాలేదంటే ‘క్యూట్ డీబగ్ ప్లగిన్స్’ వేరియబుల్‌కు 1 ఇచ్చి నడపండి. ఏ లైబ్రరీ లేక ఆగిందో పేరు పెట్టి చెబుతుంది.
- వేల్యాండ్: జీటీకే అయితే ‘జీడీకే బ్యాకెండ్’ వేరియబుల్‌కు ఎక్స్11, క్యూట్ అయితే ‘క్యూట్ క్యూపీఏ ప్లాట్‌ఫామ్’ వేరియబుల్‌కు ఎక్స్‌సీబీ ఇచ్చి చూడండి.
- గ్రాఫిక్స్ డ్రైవర్: ‘లిబ్‌జీఎల్ ఆల్వేస్ సాఫ్ట్‌వేర్’ వేరియబుల్‌కు 1. ఇక్కడ లిబ్‌జీఎల్ ఒకే పదం. నెమ్మదిగా అయినా క్రాష్ లేకుండా నడిస్తే అనుమానం డ్రైవర్ మీదికి పోతుంది.
- భాష: ‘ఎల్‌సీ ఆల్’ వేరియబుల్‌కు పెద్ద సీ ఇచ్చి నడపండి. అప్పుడు క్రాష్ పోతే తెలుగు అనువాద ఫైల్‌నో, లొకేల్‌నో పరిశీలించాలి.

క్రాష్‌కు ముందు హెచ్చరికలు వరదలా వస్తుంటే మొదటిదాని దగ్గరే ఆపేయండి. జీటీకేలో ‘జీ డీబగ్’ వేరియబుల్‌కు ఫేటల్ క్రిటికల్స్ (మధ్యలో చిన్న గీత), క్యూట్‌లో ‘క్యూట్ ఫేటల్ వార్నింగ్స్’ వేరియబుల్‌కు 1 ఇచ్చి జీడీబీలో నడిపితే అక్కడే ఆగుతుంది, బ్యాక్‌ట్రేస్ తీయొచ్చు.

8. అప్పటికీ తేలకపోతే

మెమరీ తప్పులకు నేను ముందు వాడేది అడ్రస్ శానిటైజర్. ‘మైనస్ ఎఫ్ శానిటైజ్’కు ‘అడ్రస్’ ఇవ్వాలి, ఎఫ్, శానిటైజ్ కలిపి రాయాలి. కంపైల్ ఫ్లాగుల్లో, లింక్ ఫ్లాగుల్లో రెండింట్లోనూ పెట్టాలి. వేగం దాదాపు సగమవుతుంది కానీ తప్పు జరిగిన చోటే ఆపి, ఆ మెమరీని ఎవరు తీసుకున్నారో, ఎవరు వదిలేశారో లైన్ నంబర్లతో చూపిస్తుంది.

మళ్లీ కంపైల్ చేసే వీలు లేకపోతే వాల్‌గ్రైండ్ ఉంది. అయితే ప్రోగ్రామ్ 20, 30 రెట్లు నెమ్మదిస్తుంది. విండో తెరుచుకోవడానికే నిమిషాలు పట్టొచ్చు, హ్యాంగ్ అయిందనుకుని మూసేయకండి.

పాత వెర్షన్ బాగుండి కొత్తది పడిపోతుంటే గిట్ బైసెక్ట్ వాడండి. మధ్యలోని కమిట్లను (కోడ్‌లో నమోదైన మార్పులను) సగం సగం చేస్తూ, తప్పు ఏ కమిట్‌తో మొదలైందో అది పట్టుకుంటుంది. మధ్యలో 1000 కమిట్లు ఉన్నా పది బిల్డుల్లో తేలుతుంది. ‘గిట్ బైసెక్ట్ రన్’తో స్క్రిప్ట్ పెట్టేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి: 128, ఆపైన ఎగ్జిట్ కోడ్ వస్తే బైసెక్ట్ మధ్యలోనే ఆగిపోతుంది. సెగ్మెంటేషన్ ఫాల్ట్ 139 ఇస్తుంది కదా. అందుకే క్రాష్ అయితే 1, కంపైలే కాకపోతే 125 తిరిగి ఇచ్చేలా స్క్రిప్ట్ రాసుకోండి. 125 అంటే ఆ కమిట్‌ను వదిలేసి ముందుకు పొమ్మని.

9. తప్పు మెషీన్‌దేనేమో

ఒక్కోసారి ఒక్కోచోట పడిపోతుంటే, కంపైలర్ కూడా ‘ఇంటర్నల్ కంపైలర్ ఎర్రర్’ అని ప్రతిసారీ వేరే ఫైల్ దగ్గర ఆగుతుంటే కోడ్‌ను వదిలేసి ర్యామ్ చూడండి. సెకండ్‌హ్యాండ్ లాప్‌టాప్ కొని, సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో అదనంగా ర్యామ్ స్టిక్ వేయించుకున్నవాళ్లకు ఈ పరీక్ష తప్పనిసరి అంటాను. మెమ్‌టెస్ట్86ప్లస్‌ను యూఎస్‌బీ నుంచి బూట్ చేసి రాత్రంతా నడవనివ్వండి. ఎర్ర వరుస ఒక్కటి వచ్చినా స్టిక్కులు ఒక్కొక్కటిగా తీసి మళ్లీ పరీక్షించండి. మే నెల మధ్యాహ్నం, ఏసీ లేని గదిలో, పరుపు మీద లాప్‌టాప్ పెట్టి గంటసేపు కంపైల్ చేయకండి. బల్ల మీద పెట్టి, కింద గాలి ఆడనివ్వండి.

10. డెవలపర్లకు పంపేముందు

☐ ప్రాజెక్టు తాజా కోడ్‌తో ఒకసారి పరీక్షించారు, అప్పటికే ఇదే ఫిర్యాదు ఉందేమో వెతికారు.
☐ వెర్షన్, డిస్ట్రో, సెషన్ రకం, కాన్ఫిగర్ ఆప్షన్లు రాశారు.
☐ క్రాష్ తెప్పించే మెట్లు ఒకటి, రెండు, మూడు అని రాశారు.
☐ పూర్తి బ్యాక్‌ట్రేస్‌ను టెక్స్ట్‌గా జత చేశారు. ఫోన్‌తో తీసిన స్క్రీన్ ఫొటో వద్దు, అందులో వెతకడం కుదరదు.
☐ క్రాష్ తెప్పించే అతి చిన్న ఫైల్ జత చేశారు. తెలుగు అక్షరాల వల్ల అయితే ఏ ఫాంట్ వాడారో, ఆ పదం ఏమిటో యూనికోడ్‌లో రాశారు. తెలుగు రాని డెవలపర్ దాన్ని కాపీ చేసుకుని పరీక్షించగలగాలి.

కోర్ ఫైల్‌ను మాత్రం అందరికీ కనిపించేలా ఎక్కడా పెట్టకండి. క్రాష్ అయిన క్షణంలో మెమరీలో ఉన్నదంతా అందులో ఉంటుంది. మీరు తెరిచిన కస్టమర్ ఫైల్‌లోని ఫోన్ నంబర్లు, టైప్ చేసిన పాస్‌వర్డ్ కూడా ఉండొచ్చు. డెవలపర్ అడిగినా ముందు బ్యాక్‌ట్రేస్ ఇవ్వండి. ‘బీటీ ఫుల్’లో కూడా వేరియబుల్ విలువలు కనిపిస్తాయి కాబట్టి పంపేముందు ఒకసారి పైనుంచి కిందిదాకా చదివి, పేర్లు, నంబర్లు ఉంటే తీసేయండి.